బైకు రిపేరు బిల్లు సరైనదో కాదో తేల్చుకోవడం ఎలా?

బిల్లు చేతికి రాగానే చాలామంది చూపు కిందనున్న మొత్తం మీదకే పోతుంది. "రెండువేల ఆరొందలా? మా ఆఫీసులో ఆయనకి పద్దెనిమిది వందలే అయ్యింది" అంటారు. తర్వాత "రౌండ్ ఫిగర్ చెయ్యన్నా" అని వందో రెండొందలో తగ్గించుకుని, గెలిచామనుకుని బయటికొస్తారు. హైదరాబాద్‌లో ఏ గల్లీ షాపు ముందు నిలబడినా ఇదే చూస్తున్నాను. చూసి చూసి విసుగొచ్చింది. మొత్తాన్ని బట్టి బిల్లు గురించి ఏమీ తెలియదు. వెయ్యి రూపాయల తేడా ఉన్న రెండు బిల్లులు రెండూ న్యాయంగానే ఉండొచ్చు. తప్పుడు లెక్క ఉంటే అది లోపలి వరసల్లో, అందులోనూ మజూరీ వరసల్లో దాక్కుని ఉంటుంది. దాన్ని పట్టుకోవడం నేర్చుకుంటే చాలు, బేరం అవసరమే రాదు.

కావలసినవి నాలుగే: బిల్లు కాగితం, పెన్ను, బండితో పాటు వచ్చిన మాన్యువల్, బండిలోంచి తీసిన పాత సామాను. బిల్లు ఫోన్‌కి వస్తే ప్రింట్ తీయించండి. పక్కన రాసుకోవడానికి చోటు లేని బిల్లును పరీక్షించలేం.

1. బండి ఇచ్చేటప్పుడే

బిల్లు పరీక్ష బండి ఇచ్చిన పొద్దున్నే మొదలవుతుంది. ఏం పని చేయాలో, సుమారుగా ఎంతవుతుందో, తీసిన సామాను మీకే ఇవ్వాలని జాబ్ కార్డు (బండి తీసుకునేటప్పుడు సర్వీస్ సెంటర్లో పనులు రాసే కాగితం) మీద రాయించండి. గల్లీ షాపులో జాబ్ కార్డు ఉండదు కాబట్టి అదే మాట వాట్సాప్‌లో పెట్టండి. "వేరే పని తగిలితే ఫోన్ చేసి అడిగాకే చెయ్యాలి" అన్న వాక్యం అందులో తప్పకుండా ఉండాలి. కిలోమీటర్ల రీడింగ్ ఫోటో తీసుకోండి. శని, ఆదివారాల్లో బండి ఇవ్వకండి. ఆ రద్దీలో సావకాశంగా పని చేసేవాళ్ళుండరు, బిల్లు వివరంగా రాసేవాళ్ళూ ఉండరు.

2. సామాను ధర

ఇది తేలిక. ప్యాకెట్ మీదున్న ఎమ్మార్పీ అన్ని పన్నులూ కలిపిన ధర. ప్యాక్ చేసిన వస్తువుల మీద 2011లో వచ్చిన లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం అంతకుమించి తీసుకోకూడదు. జరిగే తప్పు ఏమిటంటే, ఎమ్మార్పీనే అసలు ధరగా వేసి దానిమీద మళ్ళీ జీఎస్టీ కలపడం. బిల్లులో బ్రేక్ షూ 250 అని, దాని మీద 18 శాతం కలిపి 295 అని ఉంటే, ప్యాకెట్ మీద ధర కనీసం 295 అయినా ఉండాలి. ప్యాకెట్ మీదే 250 ఉంటే మీ దగ్గర 45 రూపాయలు ఎక్కువ తీసుకున్నట్టు. అందుకే ఖాళీ ప్యాకెట్లు కూడా అడిగి తీసుకోవాలి.

మోటార్‌సైకిల్ విడిభాగాల మీద ఇదివరకు 28 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గింది. రిపేరు మజూరీ మీద ముందునుంచీ 18 శాతమే. ఇప్పటికీ ఎక్కడైనా 28 కనిపిస్తే అక్కడే ఆపి అడగండి. జీఎస్టీ వేసినవాళ్ళ బిల్లు మీద పదిహేను అక్షరాల నంబరు ఉండాలి, మన తెలంగాణలో రిజిస్టర్ అయితే అది 36తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే షాపు పేరు వచ్చేస్తుంది. ఆ నంబరు లేని షాపు పన్ను వసూలు చేయకూడదు.

ధర మీద అనుమానం ఉంటే పుత్లీబౌలి వైపో రాణీగంజ్ వైపో వెళ్ళినప్పుడు ప్యాకెట్ మీది పార్ట్ నంబరు చూపించి అడగండి. కంపెనీ సామాను ఎంతకిస్తారో, డూప్లికేట్ ఎంతకిస్తారో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. మెకానిక్‌కి అక్కడ కొంత తగ్గింపు దొరుకుతుంది, మీకు ఎమ్మార్పీకే వేస్తాడు. అది అతని సంపాదన. మీకోసం తిరిగి తెచ్చినందుకు అది న్యాయమే, దాని మీద గొడవ పడకండి. డూప్లికేట్ వేసి కంపెనీ ధర రాస్తేనే తప్పు.

3. పాత సామాను

చేతికిచ్చిన పాత సామాను మీ బండిదేనా, పక్క బండిదా అన్న అనుమానం చాలామందికి వస్తుంది. దానికి ఉపాయం సులువు. బండి ఇచ్చేముందు బ్యాటరీ మీద, వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) మీద కనబడని చోట గోళ్ళరంగు చుక్క పెట్టండి, తిరిగిచ్చిన దాని మీద ఆ చుక్క ఉందేమో చూడండి.

డ్రమ్ బ్రేకు ఉన్న చాలా బళ్ళలో బ్రేక్ ప్లేటు దగ్గర చిన్న బాణం గుర్తుంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం ప్లేటు మీది గీతను చేరితే షూ అయిపోయినట్టు. డిస్క్ ప్యాడ్లకి అరుగుదల గాడి ఉంటుంది, అది చెరిగిపోతే మార్చాలి. చైన్‌ను వెనక స్ప్రాకెట్ చివర పట్టుకుని వెనక్కి లాగితే స్ప్రాకెట్ పన్ను సగం బయటపడిందంటే చైన్ సెట్ మార్చమనడం నిజమే. కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయి ఉంటే, ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో పట్టేసినట్టు ఆగుతుంది. ఇవన్నీ బండి ఇచ్చేముందే ఇంటి దగ్గర చూసుకోవాల్సినవి.

బ్యాటరీ మార్చమంటే వెంటనే ఒప్పుకోకండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర మీటర్ పెట్టి చూపించమనండి. పదమూడున్నర, పద్నాలుగు వోల్టుల దాకా రాకపోతే తప్పు చార్జింగ్‌లో ఉండొచ్చు. అలాగైతే కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్ళకే అది కూడా పడుకుంటుంది.

4. మజూరీ: తెరిచిన చోటుని ఒక్కసారే లెక్కించాలి

ఇక్కడ తొందరపడకండి. మిగతా మెట్లన్నీ తప్పినా పెద్దగా పోయేది లేదు, ఇది తప్పితే మాత్రం వందల్లో పోతుంది. పైగా రెండు వైపులా తప్పు జరిగే చోటు ఇది. మీరు మోసపోవచ్చు, లేదా నిజాయితీగా పనిచేసినవాడిని మీరే అవమానించవచ్చు.

సూత్రం ఇది. బండి పనిలో ఎక్కువ సమయం విప్పడానికి, తిరిగి బిగించడానికి పోతుంది. విప్పాక లోపలి సామాను మార్చడం చాలాసార్లు నిమిషాల పని. కానీ రేట్ల పట్టికలో ప్రతి పనికీ విప్పడం, బిగించడం కలిపే మజూరీ వేసి ఉంటారు. ఆ పని ఒక్కటే చేస్తే ఆ రేటు సరైనదే. ఒకేచోట మూడు పనులు చేసి మూడింటికీ పూర్తి రేటు వేస్తే, ఒకే నట్టును మూడుసార్లు విప్పినట్టు మీరు డబ్బు కడుతున్నారు. సర్వీస్ సెంటర్లో కంప్యూటర్ బిల్లు కొట్టే మనిషి వరసగా కోడ్లు ఎంచుకుంటూ పోతాడు. ఒక పని ఇంకోదానిలో కలిసే ఉందని ఆగి చూడడు. చాలాసార్లు ఇందులో దురుద్దేశం ఉండదు, డబ్బు పోయేది మాత్రం మీదే.

ఇలా చేయండి. ప్రతి మజూరీ వరస పక్కన, ఆ పనికి ఎక్కడ విప్పాలో ఒక అక్షరం రాయండి: వెనక చక్రానికి "వె", ముందు చక్రానికి "ము", క్లచ్ కవర్‌కి "క", ఇంజన్ హెడ్‌కి "హె". ఒకే అక్షరం ఉన్నవన్నీ ఒక గుంపు. గుంపులో అన్నిటికన్నా పెద్ద మజూరీని పూర్తిగా ఉంచండి. విప్పడం, బిగించడం అని విడిగా రాసిన వరస ఉంటే పూర్తిగా కొట్టేయండి. మిగతావాటికి మూడోవంతు కన్నా ఎక్కువ ఇవ్వకూడదు.

ఒక బిల్లు చూద్దాం, రేట్లు ఉదాహరణకి వేసుకున్నవి. వెనక చక్రం విప్పి బిగించినందుకు 150. వెనక బ్రేక్ షూ మార్చినందుకు 120. డ్రమ్ రబ్బర్లు (చక్రం మధ్యలో కుదుపు తగ్గించేవి) మార్చినందుకు 120. చైన్ స్ప్రాకెట్ సెట్ వేసినందుకు 350. మొత్తం 740. కానీ వెనక స్ప్రాకెట్ మార్చాలంటే చక్రం ఎలాగూ బయటికి రావాల్సిందే, కాబట్టి ఆ 150 అప్పటికే 350లో ఉంది. చక్రం బయటికొచ్చాక బ్రేక్ ప్లేటు చేత్తో ఊడి వస్తుంది. పాత షూలు తీసి, పిన్ను దగ్గర గ్రీజు రాసి, కొత్తవి స్ప్రింగులతో కూర్చోబెడితే అయిపోతుంది. రబ్బర్లు వేళ్ళతో లాగితే వచ్చేస్తాయి. న్యాయమైన లెక్క 350, 40, 40 కలిపి 430. మూడొందల పది రూపాయలు ఒక్క యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు దగ్గరే ఎక్కువ పడ్డాయి. ఈ బండి యజమాని బేరమాడి వంద తగ్గించుకున్నా రెండొందల పది నష్టపోయినట్టే. అందుకే మొత్తం మీద బేరం వద్దంటున్నాను.

క్లచ్ ప్లేట్ల దగ్గర కూడా ఇంతే. చాలా బళ్ళలో ఆయిల్ దించి, కిక్ రాడ్ తీసి, కవర్ బోల్టులన్నీ విప్పితే గానీ ప్లేట్లు కనబడవు. కాబట్టి ఆయిల్ మార్చిన మజూరీ విడిగా ఉండకూడదు. కవర్ ప్యాకింగ్ (ఆయిల్ కారకుండా మధ్యలో వేసే గ్యాస్కెట్) కొత్తది వేస్తే మాత్రం దాని డబ్బు ఇవ్వండి. పాత ప్యాకింగ్‌తోనే బిగించేస్తే రేపు ఆయిల్ కారేది మీ బండికే. స్కూటర్లలో ఎడమవైపు కవర్ తెరిస్తే బెల్టు, రోలర్లు, క్లచ్ అన్నీ అక్కడే ఉంటాయి, మూడు మజూరీలు అక్కర్లేదు. బోరు పని (అరిగిన సిలిండర్‌ని లోపల కోసి సైజు పెంచడం) అయితే హెడ్ విప్పకుండా సిలిండర్ రాదు. హెడ్ మజూరీ విడిగా రాస్తే అడగండి. బోరు కొట్టించామంటే అది లేత్ షాపులో జరిగిన పని, ఆ షాపు చీటీ చూపించాలి. సైజు పెంచిన పిస్టన్ నెత్తి మీద 0.25, 0.50 లాంటి అంకె సాధారణంగా గుద్ది ఉంటుంది. కొత్త పిస్టన్ ఎక్కించేముందే దాని ఫోటో పంపమని చెప్పి ఉంచుకోవాలి.

ఇప్పుడు రెండోవైపు. అక్షరాలు రాయడం నేర్చుకున్నవాళ్ళు ప్రతిదీ కొట్టేయడం మొదలుపెడతారు. అది అన్యాయం. చైన్ సెట్‌లో ముందు స్ప్రాకెట్ ఇంజన్ పక్కన ఉంటుంది, దానికి వేరే కవర్ విప్పాలి. అందుకే ఆ పనికి మజూరీ ఎక్కువ. తుప్పుపట్టి బోల్టు లోపలే విరిగితే దాన్ని తీయడానికి పూట పడుతుంది, ఆ డబ్బు ఇవ్వాలి. వైరింగ్ అయితే మరీ జాగ్రత్తగా ఆలోచించాలి. "ఇరవై రూపాయల ఫ్యూజుకి నాలుగొందల మజూరీనా" అని గొడవపడేవాళ్ళని చూస్తే బాధేస్తుంది. ఫ్యూజు మార్చడానికి నిమిషం చాలు. అది ఎందుకు పోతోందో వెతకడానికి ట్యాంకు లేపి, హార్నెస్ (వైర్ల కట్ట) విప్పి, హ్యాండిల్ మలుపు దగ్గర ఒరిసి తెగిన వైరు దాకా వేళ్ళతో తడుముకుంటూ రావాలి. ఆ నాలుగొందలు ఆ వెతుకులాటకి. తప్పు ఎక్కడ దొరికిందో చూపించమనండి. చూపిస్తే మారుమాట లేకుండా ఇచ్చేయండి.

5. చిల్లర వరసలు

"కన్స్యూమబుల్స్" అని ఉంటే ఏమేం వాడారో అడగండి. గ్రీజు, చైన్ స్ప్రే అయితే సరే. టెఫ్లాన్ కోటింగ్, ఇంజన్ డీకార్బ్ (లోపలి మసి తీయడం), పెట్రోల్‌లో కలిపే సీసా లాంటివి మీరు అడగకపోతే కొట్టేయించండి. ఫ్రీ సర్వీసులో మజూరీ మాత్రమే ఉచితం, ఆయిల్‌కి డబ్బు తీసుకోవడం తప్పుకాదు. ఆయిల్ ఎంత పోశారో మాన్యువల్‌తో పోల్చండి, స్ప్లెండర్ లాంటి 100 సీసీ బళ్ళకి లీటరు లోపే పడుతుంది. యాక్టివా 6జీ బిల్లులో "కార్బొరేటర్ క్లీనింగ్" అని ఉంటే అది జరగని పని. ఆ బండికి కార్బొరేటరే లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక చాలా బళ్ళు అలాగే మారాయి.

వానల్లో రోడ్డు మీద నీళ్ళలో బండి ఆగిపోయిన తర్వాత వచ్చే బిల్లులు పెద్దవిగా ఉంటాయి. ఇంజన్‌లోకి నీళ్ళు పోయాయంటే దించిన ఆయిల్ చూపించమనండి. నీళ్ళు కలిసిన ఆయిల్ పాలుపోసిన టీ రంగులోకి మారుతుంది. మామూలు నల్లటి ఆయిలే ఉండి, ఇంజన్ విప్పాలంటే ఒప్పుకోకముందు ఇంకొకరికి చూపించండి.

6. అడిగే తీరు

డబ్బు కట్టకముందే అడగాలి, అదీ ఒక్క వరస గురించే. "ఎక్కువేశావ్" అనకండి. "అన్నా, చక్రం ఒక్కసారే విప్పినవ్ గదా, మూడుచోట్ల మజూరీ పడింది, జర చూడు" అనండి. పనితెలిసిన మెకానిక్ కాగితం వైపు చూడగానే విషయం అర్థం చేసుకుంటాడు. సర్వీస్ సెంటర్లో అయితే అడ్వైజర్‌ని లేబర్ రేట్ల పట్టిక చూపించమని, రెండు కోడ్లలో ఏ పనులు కలిసి ఉన్నాయో చదివించండి. సరిచేసిన బిల్లు కొత్తగా ప్రింట్ తీయించుకోండి, పెన్నుతో కొట్టేస్తే సరిపోదు.

షాపువాళ్ళు అసలు బిల్లే ఇవ్వబోమంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలి. ఐదు లక్షల లోపు విషయానికి అక్కడ ఫీజు లేదు. జాబ్ కార్డు, కిలోమీటర్ల ఫోటో, ఖాళీ ప్యాకెట్లు, అక్షరాలు రాసిన బిల్లు అన్నీ ఒకే కవర్‌లో పెట్టి తీసుకెళ్ళండి.