ఫ్రూట్ కస్టర్డ్ వేప్ జ్యూస్ ఇంట్లో కలుపుకోవడం: కస్టర్డ్ ముందు, పండు తర్వాత

స్ట్రాబెర్రీ కస్టర్డ్ రుచి ఉండే వేప్ జ్యూస్, అంటే ఈ-సిగరెట్‌లో పోసే ద్రవం, సొంతంగా కలుపుదామని మొదలుపెట్టినవాళ్ళు చాలామంది ఒకే చోట దెబ్బ తింటారు, నేనూ అక్కడే తిన్నా. కలిపిన రోజు మూత తీస్తే స్ట్రాబెర్రీ గుప్పుమంటుంది, కస్టర్డ్ మాత్రం పచ్చిగా, కాస్త గుడ్డు వాసనతో, గొంతులో గీసుకుంటున్నట్టు ఉంటుంది. సరే ఊరనిద్దాం అని నాలుగు వారాలు పక్కన పెడితే కస్టర్డ్ మెత్తగా, చిక్కగా, ఎలా ఉండాలో అలా తయారవుతుంది కానీ ఈలోపు స్ట్రాబెర్రీ ఎటు పోయిందో తెలీదు, తీపి ఒక్కటే మిగిలి ఉంటుంది. పండు శాతం పెంచితే సరిపోతుందేమో అనుకుని 6 నుంచి 9కి, 9 నుంచి 12కి పెంచుకుంటూ పోయాను, అప్పుడు మొదటి వారం సెంటు తాగినట్టు ఉండేది, నాలుగో వారానికి మళ్ళీ అదే కథ. అసలు తప్పు శాతాల్లో లేదు, రెండిటినీ ఒకే రోజు కలపడంలో ఉంది. కస్టర్డ్‌కి టైం కావాలి, పండుకి టైం పడదు. అందుకని ఇప్పుడు కస్టర్డ్ బేస్ ముందు కలిపి ఊరబెట్టి, పండునీ నికోటిన్‌నీ చివర్లో వేస్తున్నాను, ఆ పద్ధతే ఇక్కడ మొత్తం రాస్తున్నా.

దానికన్నా ముందు కొన్ని మాటలు, దయచేసి దాటేయకండి. ఇది ఇప్పటికే సిగరెట్ మానేసి వేప్‌కి మారిన పెద్దవాళ్ళ కోసం. అలవాటే లేనివాళ్ళు కొత్తగా మొదలుపెట్టాల్సిన పని కాదు ఇది, నికోటిన్ పట్టుకుంటే వదలదు. కొన్ని దేశాల్లో దీన్ని తయారుచేయడం, అమ్మడం, నిల్వ ఉంచడం కూడా నేరమే, మీరున్న చోట చట్టం అలా ఉంటే ఇక్కడితో ఆపేయండి. ఇంకోటి, ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త. స్ట్రాబెర్రీ కస్టర్డ్ వాసన వచ్చే బాటిల్ పిల్లలకి మందులా కనిపించదు, తినే వస్తువులా కనిపిస్తుంది, కొంచెం తాగినా ప్రాణం మీదకి వస్తుంది. నొక్కి తిప్పే మూత ఉన్న బాటిల్స్ మాత్రమే వాడండి, తాళం వేసే చోట పెట్టండి, ఎవరైనా పొరపాటున మింగితే ఏమవుతుందో చూద్దామని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి.

సామాన్లు పెద్దగా ఏం లేవు. పీజీ, అంటే ప్రొపిలీన్ గ్లైకాల్, ఇది పల్చగా ఉండి ఫ్లేవర్‌ని మోసుకెళ్తుంది, గొంతులో ఆ దెబ్బ తగలడంలో నికోటిన్‌తో పాటు దీని వంతు కూడా ఉంది. వీజీ, అంటే వెజిటబుల్ గ్లిజరిన్, చిక్కగా కాస్త తియ్యగా ఉంటుంది, పొగ మేఘం దీన్నుంచే. రెండూ ఫార్మా గ్రేడ్‌వే కొనండి. వేప్ కోసమే తయారైన ఫ్లేవర్ కాన్‌సన్‌ట్రేట్లు, నీళ్ళలో కలిసిపోయేవి. 0.01 గ్రాము వరకూ చూపించే చిన్న డిజిటల్ తూకం. గ్లోవ్స్, కళ్ళజోడు, ఖాళీ బాటిల్స్, స్టిక్కర్లు, పెన్ను. సిరంజిలతో కొలిచే పద్ధతి కూడా ఉంది కానీ వీజీని సిరంజిలోకి లాగడం నరకం, పైగా ప్రతి ఫ్లేవర్‌కీ ఒక సిరంజి కడుక్కుంటూ కూర్చోవాలి, తూకం అయితే బాటిల్‌ని దాని మీద పెట్టి టేర్ నొక్కి సున్నా చేసుకుని చుక్కలు వేసుకుంటూ పోవడమే. ఎంఎల్‌ని గ్రాముల్లోకి మార్చడానికి గుర్తుపెట్టుకోవాల్సినవి రెండే, పీజీ ఒక ఎంఎల్ దాదాపు 1.04 గ్రాములు, వీజీ ఒక ఎంఎల్ దాదాపు 1.26 గ్రాములు, ఫ్లేవర్లని మాత్రం లెక్క సులువు కోసం అందరూ 1 గ్రాముగానే తీసుకుంటారు.

వంటింట్లో ఉండే ఎసెన్సులు, కస్టర్డ్ పౌడర్, నిజం పండ్ల రసం, ఇవేవీ ఇందులో పడకూడదు. కస్టర్డ్ పౌడర్ అంటే ప్రధానంగా మొక్కజొన్న పిండి, కాయిల్ మీద, అంటే వేప్‌లో జ్యూస్‌ని వేడిచేసే తీగ మీద, మాడి మసైపోతుంది. ఎసెన్సుల్లో చక్కెర, రంగు ఉండొచ్చు, కొన్నిటిలో నూనె కూడా ఉంటుంది, ఆ నూనెతోనే అసలు భయం. నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అక్కడ కరగదు, లిపాయిడ్ న్యుమోనియా అనే జబ్బు తెస్తుంది. 2019లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని జనం వరసగా ఆసుపత్రుల పాలయ్యారు చూడండి, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు లెక్క తేలాయి, అందులో ప్రధాన దోషి విటమిన్ ఈ అసిటేట్ అని బయటపడింది, అదీ నూనె పదార్థమే, గంజాయి నూనె కార్ట్రిడ్జుల్లో చిక్కదనం కోసం కలిపారు. అందుకే ఫ్లేవర్ కొనేటప్పుడు ఆయిల్ సాల్యుబుల్ అని కనిపిస్తే ఎంత మంచి వాసన వచ్చినా పక్కన పెట్టేయండి. ఫుడ్ గ్రేడ్ అని రాసుంటే చాలు కదా అని కూడా అనుకోవద్దు, ఆ మాటకి తినడానికి పర్లేదు అనే అర్థం తప్ప పీల్చడానికి పర్లేదు అని కాదు.

కస్టర్డ్ విషయంలో ఇంకో ప్రత్యేకమైన సమస్య ఉంది, డయాసిటైల్. వెన్న రుచి ఇచ్చే పదార్థం ఇది. 2000లో అమెరికాలోని మిస్సోరీలో ఒక పాప్‌కార్న్ ఫ్యాక్టరీ కార్మికులకి ఊపిరి అందని, తిరిగి బాగుపడని జబ్బు వచ్చిన సంగతి బయటపడింది, దాని వెనకున్నది ఈ వెన్న ఫ్లేవరే, పాప్‌కార్న్ లంగ్ అన్న పేరు అలా పుట్టింది. 2015లో హార్వర్డ్ వాళ్ళు 51 వేప్ ఫ్లేవర్లు పరీక్షిస్తే 39 వాటిలో డయాసిటైల్ కనిపించింది. కస్టర్డ్, క్రీమ్, బటర్ ఈ మూడు రకాల్లో ఇది ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి డయాసిటైల్, దాని లాంటివే అయిన అసిటైల్ ప్రొపియోనైల్, అసిటోయిన్ మూడూ లేవు అని కంపెనీ టెస్ట్ రిపోర్ట్ ఇచ్చినవే ఎంచుకోండి. కాపెల్లా అనే ఫ్లేవర్ కంపెనీ వాళ్ళ వెనిలా కస్టర్డ్‌కి వీ1, వీ2 అని రెండు రకాలున్నాయి, వీ2 వీటిని తీసేయాలనే చేసింది. రుచిలో వీ1 ఇంకాస్త వెన్నగా ఉంటుందని చాలామంది దాన్నే వాడతారు, నాకు ఆ తేడా కోసం అంత రిస్క్ అనవసరం అనిపిస్తుంది, వీ2తో వచ్చే కస్టర్డ్ బాగానే ఉంటుంది. అసిటోయిన్ ఎందుకు ముఖ్యమంటే అది బాటిల్‌లో కూర్చుని కూర్చుని కొంత డయాసిటైల్‌గా మారుతుంది, నికోటిన్ తోడైతే ఆ మార్పు ఇంకా తొందరగా జరుగుతుంది. నికోటిన్‌ని చివర్లో వేయమనడానికి రుచి ఒక్కటే కాదు, ఇది కూడా కారణం.

సరే, లెక్కకి వద్దాం. 30 ఎంఎల్, 70 శాతం వీజీ 30 శాతం పీజీ, నికోటిన్ ఎంఎల్‌కి 3 మిల్లీగ్రాములు, మన దగ్గరున్న నికోటిన్ ఎంఎల్‌కి 20 మిల్లీగ్రాములది, పీజీలో కలిపింది అనుకుందాం. కావాల్సిన నికోటిన్‌ని మొత్తం ఎంఎల్‌తో గుణించి బాటిల్ మీదున్న స్ట్రెంగ్త్‌తో భాగించాలి, అంటే 3 ఇంటూ 30, 90, దాన్ని 20తో భాగిస్తే 4.5 ఎంఎల్. ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాముల నికోటిన్ చవగ్గా వస్తుందని దాని జోలికి మాత్రం వెళ్ళొద్దు, దాంతో ఒక చిన్న పొరపాటు కూడా పెద్దదైపోతుంది, చర్మం మీద పడినా లోపలికి ఇంకిపోతుంది. ఫ్లేవర్లు కస్టర్డ్ 5 శాతం, క్రీమ్ 1 శాతం, స్ట్రాబెర్రీ రైప్ 5 శాతం, స్వీట్ స్ట్రాబెర్రీ 2 శాతం, మొత్తం 13, ఇవీ నికోటినూ పీజీ వాటాలోకే లెక్క, అందుకే విడిగా వేసే పీజీ కొంచెమే. స్ట్రాబెర్రీ రెండు రకాలు ఎందుకంటే ఒకటి పండు మధ్యలోని గుజ్జులా ఉంటుంది, ఇంకోటి పైన ఆ తీపి అందిస్తుంది, ఒక్కదాన్నే 7 శాతం వేస్తే అంత నిండుగా రాదు.

మొదటి రోజు చేసేది బేస్. బాటిల్‌ని తూకం మీద పెట్టి కస్టర్డ్ 1.5 గ్రాములు, క్రీమ్ 0.3 గ్రాము, పీజీ 0.62 గ్రాము, ఆఖర్న వీజీ 26.46 గ్రాములు. వీజీ చివర్లో ఎందుకంటే అది ధారగా పడుతుంది, ఒక చుక్క ఎక్కువైనా నష్టం లేదు, ఫ్లేవర్ అలా కాదు, దాంట్లో పది చుక్కలు ఎక్కువ పడితే బాటిల్ మొత్తం పోయినట్టే. ప్రతిదాని తర్వాతా టేర్ నొక్కడం మర్చిపోకండి. వీజీ మరీ గట్టిగా ఉంటే దాని బాటిల్‌ని కాసేపు గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే జారుతుంది. మూత బిగించి రెండు మూడు నిమిషాలు బాగా ఊపండి, బుడగలతో తెల్లగా అవుతుంది, కంగారేం లేదు, కాసేపటికి తేరుకుంటుంది. స్టిక్కర్ మీద ఏం వేశారో, ఎంత వేశారో, తేదీ, నికోటిన్ లేదు అని కూడా రాసి చీకటిగా చల్లగా ఉండే అల్మారాలో మూడు వారాలు పెట్టేయండి. రెండు మూడు రోజులకోసారి ఊపితే చాలు. మూత తీసి గాలి ఆడనివ్వమని కొందరు చెప్తారు, నాకు దాంతో మంచి కన్నా చెడే ఎక్కువ జరిగింది, వాసన ఎగిరిపోవడం తప్ప ఒరిగిందేం లేదు. వేడి నీళ్ళలో గంటలు గంటలు ఉంచి ఒక్క రోజులో ఊరబెట్టేద్దామనే ఆశ కూడా పెట్టుకోకండి, బాగా కలుస్తుంది కానీ ఊరదు, ఈ రెండూ వేరు. మధ్యలో రంగు లేత పసుపుకి, గోధుమ రంగుకి తిరిగితే భయపడకండి, వెనిలాలో ఉండే వెనిలిన్ వల్ల అలా అవుతుంది.

మూడు వారాల తర్వాత ఒక చుక్క అరచేతిలో వేసుకుని వాసన చూడండి. గుడ్డు వాసన, ఆ ఘాటు పోయి, వెచ్చని వెనిలా వాసన వస్తే బేస్ అయిపోయింది. ఇంకా ఘాటుగా ఉంటే ఇంకో వారం. క్రీమ్ ఎక్కువ పడితే పులిసిన పాల వాసన, ఇంకా చెప్పాలంటే వాంతి వాసన వస్తుంది, కొన్ని క్రీమ్ ఫ్లేవర్లలో ఉండే బ్యుటిరిక్ యాసిడ్ వల్ల, అది ఊరితే కొంత తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు కాబట్టి తర్వాతిసారి క్రీమ్ సగానికి తగ్గించుకోండి. ఈ దశలో బేస్‌ని వేప్ చేసి రుచి తేల్చేయకండి, పండూ నికోటినూ ఇంకా పడలేదు గనక ఫ్లేవర్ ఉండాల్సిన దానికన్నా చిక్కగా ఉంటుంది.

ఇప్పుడు గ్లోవ్స్, కళ్ళజోడు పెట్టుకుని కిటికీ తెరిచి కూర్చోండి. ముందు స్ట్రాబెర్రీ రైప్ 1.5 గ్రాములు, స్వీట్ స్ట్రాబెర్రీ 0.6 గ్రాము, తర్వాత నికోటిన్ 4.68 గ్రాములు. నికోటిన్ వద్దనుకునేవాళ్ళు అంతే పీజీ వేసుకుంటే సరి. చర్మం మీద పడితే వెంటనే సబ్బూ నీళ్ళతో కడగాలి, కంట్లో పడితే నీళ్ళ ధార కింద చాలాసేపు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. తల తిరిగినా వికారంగా ఉన్నా పని ఆపేసి బయటికొచ్చేయండి. వాడిన గ్లోవ్స్‌ని, టిష్యూల్ని ముడేసి పారేయండి, పిల్లలు, పెంపుడు జంతువులు ఉండేచోట తెరిచున్న డబ్బాలో వేయొద్దు. కొత్త స్టిక్కర్ మీద ఈ తేదీతో పాటు నికోటిన్ 3 అని పెద్దగా రాయండి. బాగా ఊపి మూడు నాలుగు రోజులు ఆగండి, పండు కస్టర్డ్‌లోకి దిగడానికి ఆ మాత్రం చాలు.

మొదటిసారే 30 ఎంఎల్ చేయకండి, అన్నిటినీ మూడో వంతు చేసి 10 ఎంఎల్‌తో మొదలుపెట్టండి, పోయినా బాధ ఉండదు. పీల్చాక పండు తక్కువ అనిపిస్తే ముందు కస్టర్డ్‌ని ముట్టుకోకుండా పండుని అర శాతం చొప్పున పెంచి చూడండి, అయినా తేడా రాకపోతే చాలాసార్లు పండు తగ్గడం కాదు కస్టర్డ్ పైకి రావడం వల్ల అలా అనిపిస్తుంది, అప్పుడు కస్టర్డ్ 4.5కి దించితే పండు దానంతటదే వినిపిస్తుంది. ఏ రుచీ తెలియకపోతే జ్యూస్‌ని తిట్టే ముందు ఒక పూట ఆపి నీళ్ళు బాగా తాగి చూడండి, ఒకే ఫ్లేవర్ రోజూ పీలిస్తే ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. స్వీటెనర్ వేయకండి, సుక్రలోజ్ కాయిల్ మీద నల్లగా గట్టిపడుతుంది, వేడికి విరిగిపోయి ఊపిరికి మంచిది కాని పదార్థాలు కూడా పుట్టిస్తుంది, స్ట్రాబెర్రీ, కస్టర్డ్ రెండూ ఉన్నప్పుడు దాని అవసరమే రాదు. వాటేజ్ కూడా మరీ ఎక్కించకండి, వేడి ఎక్కువైతే ముందు పండు మాడుతుంది, ఆ తర్వాత గొంతు.

స్ట్రాబెర్రీ బదులు పీచ్, మామిడి ఇదే పద్ధతిలో బాగా వస్తాయి, పీచ్ 4 శాతంతో మొదలుపెట్టండి, మామిడి 4 దాటితే కస్టర్డ్‌ని మింగేస్తుంది. అరటిపండు 2 శాతమే చాలు, అది గట్టి వాసన కాబట్టి చాలా రోజులు నిలుస్తుంది, కావాలంటే బేస్‌తోనే కలిపేయొచ్చు. నిమ్మ, నారింజ జోలికి వెళ్ళేముందు వేప్‌లో జ్యూస్ పోసే మీ ట్యాంక్ గాజుదా ప్లాస్టిక్‌దా చూసుకోండి, సిట్రస్ ఫ్లేవర్లు కొన్ని ప్లాస్టిక్ ట్యాంకుల్ని పగలగొడతాయి.

పండు కలిపాక బాటిల్‌ని రెండు మూడు వారాల్లో అయిపోయేలా చూసుకోండి, ఆ తర్వాత స్ట్రాబెర్రీ మళ్ళీ జారిపోతుంది. అందుకే నేను బేస్ మాత్రం 100 ఎంఎల్ దాకా ఒకేసారి కలిపి పెట్టుకుంటాను, నికోటిన్ లేదు కాబట్టి భయం తక్కువ, ప్రతిసారీ అందులోంచి ఒక బాటిల్‌కి సరిపడా, అంటే 28.88 గ్రాములు తూచి తీసి, పండూ నికోటినూ అప్పటికప్పుడు వేసుకుంటాను. బేస్ సగానికి వచ్చిందంటే ఆ రోజే ఇంకోటి కలిపి అల్మారాలో పెట్టేస్తే, ఇది అయిపోయేసరికి అది ఊరి సిద్ధంగా ఉంటుంది.