సైనిక సేవ ఆధారంగా కాలేజీ చదువుకు సాయం: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలు చేయవలసిన పనులు

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, బరంపురం ప్రాంతాల్లో సైన్యంలో పనిచేసి వచ్చిన తెలుగువారి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ సేవ వల్ల పిల్లల చదువుకు కొంత డబ్బు వస్తుందని అందరూ వినే ఉంటారు గాని, ఏ పథకం ఎవరికి వర్తిస్తుందో, దరఖాస్తు ఎక్కడి నుంచి కదలాలో కాలేజీలో సీటు వచ్చాక గాని ఆరా తీయరు. ఈ పనిలో మార్కుల కన్నా ముందు కాగితాలు సరిగా ఉండాలి కనుక, పిల్లలు ఇంటర్ లేదా ప్లస్ టూలో చేరిన ఏడాదే మొదలుపెట్టడం మేలు.

మొట్టమొదట తేల్చుకోవలసింది తండ్రి పేరు ఏ జిల్లా సైనిక బోర్డులో, అంటే మాజీ సైనికుల వ్యవహారాలు చూసే జిల్లా కార్యాలయంలో, నమోదై ఉన్నదనే సంగతి. సైన్యంలో చేరేనాటికి పాతపట్నం వైపు చిరునామా ఇచ్చి, పదవీ విరమణ తరువాత పర్లాకిమిడిలో ఇల్లు కట్టుకున్నవారి మాజీ సైనికుల గుర్తింపు కార్డు శ్రీకాకుళం కార్యాలయం ఇచ్చినదై ఉండవచ్చు. అలాంటప్పుడు పిల్లల దరఖాస్తుకు కావలసిన మాజీ సైనికుల ధ్రువపత్రం కూడా ఆ కార్యాలయమే ఇవ్వాలి. బరంపురం వెళ్లి అడిగితే పని జరగదు. ఆధార్‌లో ఒడిశా, కార్డులో ఆంధ్రప్రదేశ్ ఉంటే పరిశీలనలో ప్రశ్నలు రావడం సహజం. పాత కార్యాలయం నుంచి బదిలీ పత్రం తీసుకొని, కాపురం ఉన్న జిల్లాకు నమోదు మార్పించుకోవచ్చు. స్థిరంగా ఒడిశాలోనే ఉండే కుటుంబం ఈ మార్పును వాయిదా వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

రెండవది సైన్యం నుంచి వచ్చేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్కు. అందులో కుటుంబ సభ్యుల వివరాలున్న పేజీ తెరిచి, పిల్లల పేరునూ పుట్టిన తేదీనీ పదో తరగతి సర్టిఫికెట్ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడాలి. మన ప్రాంతంలో చిక్కంతా ఇక్కడే వస్తుంది. పాప పుట్టినప్పుడు తండ్రి యూనిట్‌లో ‘హేమ’ అని రాయించి ఉంటాడు. బడిలో ‘హేమలత’ అని పూర్తి పేరు రాసి, ముందు ఇంటిపేరు వేస్తారు. ఒడియా మాధ్యమం బడి అయితే ఇంటిపేరు చివరకు వెళ్లి, ఇంగ్లీషు స్పెల్లింగు మరో రకంగా మారుతుంది. సర్వీసులో ఉన్నవారు యూనిట్ సర్వీసు రికార్డులో వివరాలు నమోదు చేసే పార్ట్ టూ ఆర్డరు ద్వారా దీన్ని సరిచేయించుకోవచ్చు. రిటైరైనవారు జిల్లా సైనిక బోర్డు ద్వారా తమ రెజిమెంటు రికార్డ్స్ ఆఫీసుకు రాయాలి. అఫిడవిట్, జనన ధ్రువపత్రం, బడి సర్టిఫికెట్ జతపరిచి పంపినా జవాబు రావడానికి నెలలు పట్టవచ్చు.

ఇక డబ్బు విషయం. వృత్తి విద్యా కోర్సుల్లో, అంటే బీటెక్, ఎంబీబీఎస్, బీఫార్మసీ, బీఈడీ, బీబీఏ, బీసీఏ వంటి వాటిలో, చేరిన మాజీ సైనికుల పిల్లలకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ప్రధానమైనది. కేంద్రీయ సైనిక బోర్డు ఏటా 5,500 మందికి, అబ్బాయిలకు సగం, అమ్మాయిలకు సగం చొప్పున, దీన్ని ఇస్తుంది. నెలకు అబ్బాయిలకు 2,500 రూపాయలు, అమ్మాయిలకు 3,000 రూపాయలు. నాలుగేళ్ల బీటెక్‌కు లెక్కవేస్తే అమ్మాయికి 1,44,000 రూపాయలు వస్తాయి. ప్రైవేటు కాలేజీ ఫీజు మొత్తం దీనితోనే గడిచిపోతుందని అనుకోరాదు. అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. అయితే అది గడప మాత్రమే. యుద్ధంలో మరణించినవారి, వికలాంగులైనవారి కుటుంబాలకు మొదటి ప్రాధాన్యం ఇచ్చి, మిగిలిన స్కాలర్‌షిప్పులను మార్కుల వరుసలో పంచుతారు. దరఖాస్తు మొదటి సంవత్సరంలోనే, బోర్డు వెబ్‌సైటులో చేయాలి. రెండో ఏడాది గుర్తొచ్చి అడిగితే అవకాశం ఉండదు. మాజీ సైనికుల ధ్రువపత్రంతో పాటు కాలేజీ ఇచ్చే బోనఫైడ్, బ్యాంకు ధ్రువపత్రం కూడా నిర్ణీత నమూనాల్లోనే ఉండాలి. కాలేజీ తన సొంత లెటర్‌హెడ్‌పై ఇచ్చే మామూలు బోనఫైడ్ సరిపోదు. ఆ తరువాత ప్రతి ఏడాదీ 50 శాతం మార్కులతో ఉత్తీర్ణులై రెన్యువల్ చేయించుకోవాలి.

సాధారణ బీఏ, బీకాం, బీఎస్సీ చదివేవారికి ఇది వర్తించదు. వారి కోసం రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి విద్యా గ్రాంటు ఉంది. హవల్దారు, ఆ స్థాయికి దిగువ హోదాల్లో రిటైరైనవారి పిల్లల్లో ఇద్దరి వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా ఇస్తారు. నెలకు 1,000 రూపాయలుగా ఉన్న ఈ మొత్తాన్ని 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు 2,000 రూపాయలు చేశారు. తరగతి ఉత్తీర్ణులయ్యాక ఆ మార్కుల జాబితాతో అడగాలి గనుక, దీన్ని ముందుగా ఫీజు కట్టడానికి వచ్చే డబ్బుగా లెక్కవేసుకోకూడదు.

యుద్ధరంగంలో మరణించిన, అదృశ్యమైన, వికలాంగులైన సైనికుల పిల్లలకు గుర్తింపు పొందిన సంస్థల్లో ట్యూషన్ ఫీజును తిరిగి చెల్లించే వేరే రాయితీ 1971 యుద్ధం తరువాత మొదలైంది. 2017లో దానికి నెలకు 10,000 రూపాయల పరిమితి పెట్టినా, మరుసటి ఏడాదే తొలగించారు.

ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకు ఉండే క్యాప్ కోటా, ఒడిశాలో మాజీ సైనికుల పిల్లల కోటా సీటు ఇస్తాయి గాని డబ్బు ఇవ్వవు. ఆ కోటాలకు రాష్ట్ర నివాస నిబంధనలుంటాయి కాబట్టి, చేతిలోని నివాస పత్రం ఏ రాష్ట్రానిదో చూసుకున్నాకే ఏ వైపు దరఖాస్తు చేయాలో నిర్ణయించుకోండి.

తానే సైన్యంలో చేరి చదువుకోవాలనుకునే పిల్లలకు నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ఉత్తమ మార్గం. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే, డిగ్రీ జేఎన్‌యూ ఇస్తుంది. పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో నీట్ ద్వారా చేరితే ఎంబీబీఎస్ తరువాత సైన్యంలో పనిచేయాలి. అగ్నివీరులది వేరే లెక్క. వారు నాలుగేళ్లలో జీతం నుంచి జమచేసిన సుమారు 5.02 లక్షలకు ప్రభుత్వం అంతే కలిపి, వడ్డీతో సేవానిధిగా ఇస్తుంది. దానిపై ఆదాయపు పన్ను లేదు. ఆ డబ్బుతో డిగ్రీ పూర్తి చేయవచ్చు. సర్వీసులో ఉండగానే ఇగ్నోలో చేరితే సైనిక శిక్షణకు గాను డిగ్రీ క్రెడిట్లలో సగం లెక్కలోకి వస్తాయి. కానీ నాలుగేళ్లకు బయటికి వచ్చే అగ్నివీరునికి మాజీ సైనికుని హోదా ఉండదు. పైన చెప్పిన స్కాలర్‌షిప్పు, గ్రాంటు రేపు అతని పిల్లలకు దక్కవు. చిల్కాలోని నౌకాదళ శిక్షణకు ఎంపికైనా, గోపాల్‌పూర్ సైనిక నియామక ర్యాలీలో నెగ్గినా, సంతకం చేసే ముందే ఈ తేడాను ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.