సిగ్నల్ దగ్గరి కోపం ఇంటిదాకా వస్తుంటే

సమస్య: పొద్దున కూకట్‌పల్లిలో ఎవరో బైక్ అడ్డం పెట్టి, పైగా ఓ మాట అనేసి పోయాడు. అర నిమిషం గొడవ. రాత్రి కంచం ముందు కూర్చున్నా "అప్పుడే గట్టిగా అడగాల్సింది" అని లోపల వాదన నడుస్తూనే ఉంది. ఆ విసురంతా పిల్లల మీద పడుతోంది.

కారణం: బౌద్ధ సూత్రాల సంకలనమైన సంయుత్త నికాయంలో బుద్ధుడు రెండు బాణాల గురించి చెప్పాడు. మొదటిది తగిలిన నొప్పి, అది ఎవరికీ తప్పదు. దాన్నే తలచుకుని కుమిలిపోవడం రెండోది. సిగ్నల్ దగ్గర తగిలింది ఒక్కటే. సాయంత్రం దాకా పొడుచుకున్నవన్నీ మనవే.

పరిష్కారం: చాలామంది పళ్లు బిగపట్టి కోపాన్ని మింగేస్తారు. వితక్కసంఠాన సుత్తం అనే బోధలో, చెడు ఆలోచనలు పోగొట్టుకోవడానికి బుద్ధుడు చెప్పిన ఐదు ఉపాయాల్లో అది చిట్టచివరిది! మనం అక్కడే మొదలుపెట్టి, ఫలితం లేదని బాధపడతాం. మొదటి ఉపాయం వేరు: వడ్రంగి సన్న చీలతో మొద్దు చీలను కొట్టి బయటికి తీసినట్టు, చెడు ఆలోచన ఉన్నచోట మంచిదాన్ని దించడం. కోపానికి ఆ మంచి చీల మైత్రి, అంటే అందరి మేలూ కోరడం. అయితే తిట్టినవాడితోనే మొదలుపెట్టకండి, కుదరదు. 5వ శతాబ్దపు బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు చెప్పిన వరస ఇది: ముందు మీరు, తర్వాత మీరు గౌరవించే మనిషి, తర్వాత ప్రాణస్నేహితుడు, తర్వాత ముక్కూమొహం తెలియనివాళ్లు, ఆఖరున ఆ బైకువాడు. ఒక్కొక్కరినీ తలచుకుని "సుఖంగా ఉండాలి" అనుకోండి. ఆఖరివాడి దగ్గర మనసు మొరాయిస్తే వెనక్కి రండి, తప్పేం లేదు.

అప్పటికీ తగ్గకపోతే రెండో ఉపాయం: ఈ కోపం ఎవరిని కాలుస్తోందో చూడటం. ఎదుటివాణ్ణి కొట్టాలని నిప్పుకణిక పట్టుకుంటే ముందు కాలేది మన చెయ్యే. బుద్ధుడి మాటగా తిరిగే ఈ పోలిక నిజానికి బుద్ధఘోషుడు రాసిన విసుద్ధిమగ్గం అనే ధ్యాన గ్రంథంలోది.

స్నేహితుడు నార్సింగిలో ఫ్లాట్ కొన్నాడని కడుపు మండుతోందా? దీనికి మందు ముదిత, అంటే ఎదుటివారి సంతోషంలో పాలుపంచుకోవడం. ఫోన్ చేసి, ఇల్లు ఎలా ఉందో మనస్ఫూర్తిగా అడగండి.

రాత్రి నిద్ర పట్టక, చేసిన తప్పులే తిరుగుతుంటే దాన్ని బౌద్ధంలో ఉద్ధచ్చ-కుక్కుచ్చం అంటారు, అలజడి, పశ్చాత్తాపం కలిసినది. గాలికి అలలు లేచిన నీళ్లతో పోల్చారు దీన్ని. గాలి ఉన్న సాయంత్రం హుస్సేన్ సాగర్ గట్టున నిలబడితే, నీళ్లలో బుద్ధ విగ్రహం నీడ ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది. నిజంగా తప్పు జరిగి ఉంటే క్షమాపణ ఎవరికి చెప్పాలో కాగితం మీద రాసుకుని, శ్వాస మీదికి రండి. వారాల తరబడి నిద్ర లేకపోతే మాత్రం డాక్టర్‌ని కలవండి.