జీతమిచ్చే ఓనరే ఇల్లూ ఇస్తే: ఒంటారియోలో దిగగానే చూసుకోవాల్సినవి

నేను కెనడా వచ్చింది క్లోజ్డ్ వర్క్ పర్మిట్ (ఒక్క ఓనరు దగ్గరే పనిచేయనిచ్చే అనుమతి) మీద, ఒంటారియోలో ఒక రెస్టారెంట్‌లో కుక్‌గా. ఓనరు తన ఇంటి బేస్‌మెంట్‌లోనే ఐదుగురికి మంచాలు వేశాడు. మొదటి రాత్రి పైకి చూస్తే స్మోక్ అలారానికి ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. పోపు పెట్టినప్పుడల్లా మోగుతోందని మా ముందున్న కుర్రాళ్లు కట్టారట. నవ్వుకుని పడుకున్నాను. నెల రోజులు దాన్ని అలాగే వదిలేశాను కూడా.

మీరు మాత్రం దిగిన రోజే ఆ కవరు పీకేయండి. టెస్ట్ బటన్ నొక్కి మోగుతోందో లేదో చూడండి. వెనక్కి తిప్పితే తయారైన తేదీ ఉంటుంది. పదేళ్లు దాటితే అలారం మార్చాల్సిందే. ప్రతి అంతస్తులోనూ, పడుకునే గదుల బయటా స్మోక్ అలారం ఉండాలన్నది ఇక్కడి రూలు. పెట్టించాల్సింది ఇంటి ఓనరే. కానీ పనిచేసే అలారాన్ని మనం ఆపేస్తే అది మన నేరమే అవుతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు.

కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అనే విషవాయువు ఇంకా ప్రమాదం, దానికి వాసన ఉండదు. బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్ (ఇల్లు వేడిచేసే యంత్రం), వాటర్ హీటర్ మన పక్క గదిలోనే ఉంటాయి. ఒక జనవరి పొద్దున మాలో ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చింది. రాత్రి షిఫ్టు వల్లేలే అనుకున్నాం. చెత్త పడేయడానికి బయటికి వెళ్లినప్పుడు చూశాను: ఫర్నేస్ పొగ పోయే తెల్ల గొట్టం గోడ పక్కన మంచులో కూరుకుపోయి ఉంది. పారతో తవ్వితే గానీ మూతి కనపడలేదు. ఇంట్లో సీఓ అలారమే లేదు! మంచు కురిసిన ప్రతిసారీ ముందు ఆ గొట్టం చూడండి. సీఓ అలారం నాలుగేసి బీప్‌లు కొడితే అందరూ బయటికి వచ్చేసి, బయటి నుంచే 911కి ఫోన్ చేయండి. నిమిషానికోసారి ఒక్క చిన్న కూత వస్తే చాలావరకు అది బ్యాటరీ గోలే.

మంటలొస్తే బయటపడేలా, పడుకునే గది కిటికీ తాళంచెవీ పనిముట్లూ లేకుండా లోపలి నుంచి తెరుచుకుంటుందా, అందులోంచి మీ భుజాలు పడతాయా? ఒకసారి ఎక్కి చూడండి, సిగ్గుపడొద్దు.

ఇక డబ్బు. మీరు సంతకం పెట్టిన కాగితం లేకుండా జీతంలోంచి అద్దె కోయకూడదు. గది ఇస్తున్నందుకు కనీస వేతనం లెక్కలో ఓనరు కలుపుకోగలిగేది, ఒక్కరి గదైతే వారానికి 31.70 డాలర్లు, పంచుకునేదైతే 15.85. అది కూడా గది ఉండటానికి వీలుగా ఉండి, శుభ్రమైన దుప్పట్లు, తువ్వాళ్లు ఇస్తేనే. లో-వేజ్ స్ట్రీమ్‌లో (తక్కువ జీతం పనులకు విదేశీయులను తెచ్చుకునే పథకంలో) వచ్చినవాళ్లకు ఇంకో కొలత ఉంది: ఉండటానికి అయ్యే ఖర్చు ట్యాక్స్ కోయకముందు నెల సంపాదనలో 30 శాతం లోపు ఉంటేనే అందుబాటు ధర అంటారు. నా పే స్టబ్‌లో (జీతం చీటీలో) 'ఇతర' అని ఒక కోత కనపడేది. అదేంటని అడగడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఇంటి ఓనరు గానీ, ఆయన భార్యాపిల్లలు, తల్లిదండ్రులు గానీ అదే ఇంట్లో ఉంటూ, వంటగదో బాత్‌రూమో మీరు వాళ్లతో పంచుకోవాల్సి వస్తే ఒంటారియో అద్దె చట్టం మీకు వర్తించదు. ఫార్మ్‌లో పని ఉన్నంతకాలమే ఉండనిచ్చే ఇళ్లకూ అంతే. వర్తించేవాళ్లకైతే బలం ఎక్కువ: మామూలుగా 24 గంటల ముందు రాతపూర్వకంగా చెప్పకుండా లోపలికి రాకూడదు, డ్యామేజ్ డిపాజిట్ అడగకూడదు, అద్దె తగాదాలు చూసే ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ బోర్డు ఆర్డర్ లేకుండా బయటికి గెంటకూడదు. చట్టం వర్తించకపోయినా అలారాల రూలు, జీతం రూలు మాత్రం మీకూ ఉంటాయి.

అద్దె నగదుగా ఇవ్వకండి. బ్యాంకు నుంచి ఈ-ట్రాన్స్‌ఫర్ చేసి, మెసేజ్‌లో ఏ నెల అద్దో రాయండి. ఇంట్లో ఏ లోపం కనపడినా, సాక్ష్యంగా ఆ రోజే ఫోటో తీయండి.

మా ఓనరు తరచూ అనే మాట, "ఎక్కువ మాట్లాడితే ఇండియా పంపించేస్తా". పనిలోంచి తీసేయగలడేమో గానీ, దేశంలోంచి పంపించే అధికారం ఆయనకు లేదు. పాస్‌పోర్ట్ తన దగ్గర పెట్టుకునే హక్కూ లేదు. ఫిర్యాదు చేశారని కక్ష సాధించడం 2022 సెప్టెంబర్ 26 నుంచి ఫెడరల్ రూల్స్ ప్రకారం నిషేధం.

అలారాల సంగతైతే ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పండి. జీతం, ఇల్లు, బెదిరింపుల గురించైతే సర్వీస్ కెనడా టిప్ లైన్ 1-866-602-9448, పేరు చెప్పక్కర్లేదు. వేధింపు భరించలేని స్థాయికి వస్తే, దానికోసమే 2019 నుంచి వల్నరబుల్ వర్కర్స్ ఓపెన్ వర్క్ పర్మిట్ ఉంది, దానితో వేరే ఓనరు దగ్గర పనిచేయొచ్చు. అప్లికేషన్ ఫీజు లేదు. ఏం జరిగిందో తేదీలతో రాసిన లెటరు, ఫోటోలు, పే స్టబ్‌లు జత చేయాలి. ఇవన్నీ ఓనరు ఇచ్చిన ఫోన్‌లో, ఆయన వైఫై మీద కాకుండా, మీ సొంత ఫోన్‌లో, సొంత డేటా మీద చేసుకోండి.