రొయ్యల చెరువు సూపర్‌వైజర్ జీతం పెంచమని ఎలా అడగాలి?

విడవలూరు నుంచి సింగరాయకొండ దాకా ఏ చెరువుగట్టు మీద చూసినా ఇదే తంతు. పంట బాగా వస్తే సీడు (చెరువులో వదిలిన రొయ్యపిల్లలు) మంచిదంటారు, పోతే సూపర్‌వైజర్ నిద్రపోయాడంటారు. మీరు నోరు విప్పనంత కాలం ఇంతే.

ముందు ఒక అట్టపుస్తకం కొనండి. ఫోనులో రాసుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, దాన్ని యజమాని చేతికి ఎలా ఇస్తారు? రోజూ వేసిన మేత, చెక్ ట్రేలో (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెంలో) మిగిలింది, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్, మీరు చేసిన పని రాస్తే చాలు. ‘రాత్రంతా కష్టపడ్డాను’ అని రాయకండి. ‘3.40కి కరెంటు పోయింది. ఆక్సిజన్ 2.8 పీపీఎం. జనరేటర్ వేసి ఏరేటర్లు తిప్పించాను. 5.30కి 4.1’ అని రాయండి.

పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక మొత్తం మేతను రొయ్యల బరువుతో భాగించండి. 4 టన్నుల రొయ్యకు పోయిన పంటలో 6 టన్నుల మేత పట్టి, ఈసారి 5.2 టన్నులతో సరిపోతే ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకు పట్టిన మేత, 1.5 నుంచి 1.3కి దిగినట్టు. మిగిలిన 800 కిలోల మేతకు ధర కట్టి ఆ పేజీలోనే రాయండి.

ఇక అడగడం. అందరూ బోల్తాపడేది ఇక్కడే. పట్టుబడి రోజు అడగకండి. లారీ, ఐసు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) దగ్గర బేరం, వీటి మధ్య యజమానికి మీ మాట చెవికెక్కదు. ధర పడిన వారం అసలే వద్దు. అమ్మిన డబ్బు చేతికొచ్చి, చెరువు ఎండగట్టిన రోజుల్లో ఒక ఉదయం, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళండి. టీకొట్టు దగ్గర, బావమరిది ముందు అడిగితే పరువు కోసమైనా కాదంటారు.

“అన్నా, రెండు పంటల లెక్క ఇది. నెలకు మూడు వేలు పెంచండి” అనండి. అని ఊరుకోండి. మనవాళ్ళ జబ్బేమిటంటే, అంకె నోటి నుంచి వచ్చిన మరుక్షణమే “మీ ఇష్టమన్నా, తోచినంత ఇవ్వండి” అంటారు. అక్కడితో మూడు వేలు కాస్తా ఐదు వందలవుతుంది. ఆయన పుస్తకం తిరగేస్తారు, ఫోను చూసుకుంటారు, ఎండల గురించి మాట్లాడతారు. మాట్లాడనివ్వండి. “చూద్దాంలే” అంటే “ఎప్పుడు రమ్మంటారన్నా?” అని తేదీ అడగండి. పిల్లల ఫీజులు, అమ్మ ఆపరేషను మాత్రం ఎత్తకండి. వాటికి అప్పు ఇస్తారు గానీ జీతం పెంచరు.

పక్క చెరువువాళ్ళు ఎక్కువిస్తామన్నారని బెదిరించడం కొందరి పద్ధతి. అది ఒక్కసారే పారుతుంది. ఆ తరువాత పెళ్ళికి సెలవడిగినా పక్క చెరువుకే వెళ్తున్నారనుకుంటారు.

ఒప్పుకుంటే ఎంత, ఏ నెల నుంచి అన్నది ఆయన ఎదుటే ఆ పుస్తకంలో రాయండి. సంతకం అడగకండి, పైకి చదివి వినిపిస్తే చాలు.