డి మాత్ర సరే, బీపీ పుస్తకం ఏది?

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు, మూడో నెలలో నా విటమిన్ డి 11 అని వచ్చింది. మొదటి కాన్పులో బీపీ వచ్చినదాన్ని కదా, డి తక్కువైతే బీపీ వస్తుందని ఎక్కడో చదివి ఒకటే టెన్షన్. డి పెంచేసుకుంటే ఈసారి గండం గడిచినట్టే అనుకున్నాను. అలా కాదని తెలిసేసరికి ఎనిమిదో నెల వచ్చింది.

రిపోర్టులో 25-హైడ్రాక్సీ విటమిన్ డి ఎదురుగా ఉన్న అంకె చూడండి. యూనిట్ కూడా చూడాలి: మిల్లీలీటరుకు 20 నానోగ్రాములన్నా, లీటరుకు 50 నానోమోల్స్ అన్నా ఒకటే. 20 నానోగ్రాముల కంటే తగ్గితే చాలామంది డాక్టర్లు తక్కువనే అంటారు. డి తక్కువున్న గర్భిణుల్లో ప్రీఎక్లాంప్సియా (కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోవడం లాంటివి వచ్చే జబ్బు) ఎక్కువగా కనిపించిన మాట నిజమే. కానీ డి తగ్గడం వల్లే అది వస్తుందని తేలలేదు. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్షలో రోజుకు 4,400 యూనిట్లు వేసుకున్నవాళ్లకూ 400 వేసుకున్నవాళ్లకూ ఈ విషయంలో తేడా రాలేదు. అయినా లోపం ఉంటే సరిచేసుకోవాల్సిందే, అది ఎముకల కోసం.

వారానికోసారి వేసుకోమన్న పెద్ద మోతాదు మాత్రను నేను వరసగా మూడు రోజులు మింగాను. చీటీ చూసి మా ఆయన కేకేస్తే గానీ తెలియలేదు. డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుందని డాక్టర్ మాత్ర ఆపించి టెస్ట్ రాశారు. అందుకే మాత్రల డబ్బా మీద ఏ వారం వేసుకోవాలో పెద్దక్షరాలతో రాసుకోండి. భోజనం చేశాక వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. డాక్టర్ చెప్పకుండా రోజుకు 4,000 యూనిట్లు దాటకండి. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఎండ తగులుతుంది కానీ డి తయారవదు.

ఈ గొడవలో పడి అసలు మాట అడగడం మర్చిపోయాను. ముందు కాన్పులో ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు, అదీ 16 వారాల లోపే మొదలుపెడితే మేలు. మీరు మాత్రం మొదటి విజిట్‌లోనే అడగండి. సొంతంగా వేసుకోకండి.

ఇంట్లో బీపీ చూసుకునేటప్పుడు మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోండి. పాదాలు నేల మీద, చెయ్యి గుండె ఎత్తులో, పట్టీ బట్ట మీద కాకుండా ఒంటి మీదే. మాట్లాడొద్దు. అక్కతో ఫోన్లో మాట్లాడుతూ, కాలు మీద కాలేసుకుని చూస్తే నాకు 148 వచ్చింది. కుదురుగా కూర్చుంటే 126! నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ పుస్తకంలో రాయండి.

34వ వారంలో ఒక ఉదయం 146/94 వచ్చింది. మళ్లీ చూస్తే 144/92. అప్పటికి నా డి 34, చక్కగా ఉంది! వెంటనే ఆసుపత్రికి వెళ్తే మూత్రంలో ప్రొటీన్ పోతోందన్నారు. పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ చేరితే ఆరోజే డాక్టర్‌కి చెప్పాలి. పై అంకె 160 గానీ కింది అంకె 110 గానీ చేరితే, లేదా విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే బీపీ ఎంతున్నా అప్పుడే బయల్దేరండి. కాన్పయ్యాక ఆరు వారాల దాకా కూడా ఇది రావచ్చు. అందుకే పాపను ఒళ్లో పెట్టుకునే ఆ పుస్తకం ఇంకొన్నాళ్లు రాశాను.