ఓవెన్‌లో యాపిల్ పాన్‌కేక్: పొంగాలంటే ఏం చూసుకోవాలి

ఈ పాన్‌కేక్‌లో బేకింగ్ పౌడర్ పడదు, సోడా పడదు, ఈస్ట్ పడదు. అయినా ఓవెన్‌లో పెట్టిన పావుగంటకల్లా పెనం అంచు దాటి పైకి లేస్తుంది. దాన్ని లేపేది ఆవిరి. పాలలో, గుడ్లలో ఉన్న నీరు మరిగి ఆవిరవుతూ పిండిని పైకి తోస్తుంది. గుడ్డులోని ప్రొటీను, మైదాలోని పిండిపదార్థం అదే వేడికి గట్టిపడి ఆ ఆవిరిని లోపల పట్టి ఉంచుతాయి. ముందు ఆవిరి పుట్టాలి, ఆ తర్వాత గోడ బిగియాలి. పెనం చల్లగా ఉంటే ఈ వరస తిరగబడుతుంది. పిండి నెమ్మదిగా ఉడికి, లేవకముందే గట్టిపడి, తియ్యటి ఆమ్లెట్‌లా మిగిలిపోతుంది.

యాపిల్ వేస్తే పని ఇంకాస్త కష్టమవుతుంది. యాపిల్ బరువులో నూటికి 85 పాళ్ల దాకా నీరే. పచ్చి ముక్కలు అడుగున పరిచి పైన పిండి పోస్తే, ఓవెన్‌లో ఆ నీరంతా ఊరి పిండి అడుగు తడిసిపోతుంది, పెనం వేడి కూడా పడిపోతుంది. అందుకే ముక్కల్ని ముందే పొయ్యి మీద వెన్నలో మగ్గించి, ఊరిన నీటిని పాకంగా మార్చుకోవాలి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే సగం వంట అయిపోయినట్టే.

అమెరికాలో దీన్ని జర్మన్ పాన్‌కేక్ అనీ, డచ్ బేబీ అనీ అంటారు. ఇందులోని డచ్‌కి హాలండ్‌తో సంబంధం లేదు, జర్మన్ అని అర్థమిచ్చే ‘డాయిచ్’ అన్న మాట అలా మారిందంటారు.

కొలతలు 25 సెంటీమీటర్ల పెనానికి, ముగ్గురికి సరిపోయేలా: పెద్ద గుడ్లు 3 (పెంకు తీశాక సుమారు 150 గ్రాములు), పాలు 120 మిల్లీలీటర్లు, మైదా 65 గ్రాములు, పంచదార ఒక టేబుల్ స్పూను, ఉప్పు పావు టీస్పూను, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను. ఇది పిండికి. యాపిల్ పొరకి: మధ్యరకం యాపిల్స్ 2 (కలిపి 300 నుంచి 350 గ్రాములు), వెన్న 45 గ్రాములు, బ్రౌన్ షుగర్ 40 గ్రాములు, దాల్చినచెక్క పొడి ముప్పావు టీస్పూను, నిమ్మరసం రెండు టీస్పూన్లు. వెన్నలో ఉప్పు ఉంటే పిండిలో వేసే ఉప్పు సగానికి తగ్గించండి.

మైదాని తూకం వేసుకోవడమే మంచిది. కప్పుని డబ్బాలో ముంచి తీస్తే మైదా అదిమినట్టయి అరకప్పులో 75 గ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ పది గ్రాములే పాన్‌కేక్‌ని బరువెక్కించి బన్నులా చేస్తాయి. కాటా లేకపోతే మైదాని చెంచాతో అరకప్పులోకి వదులుగా వేసి, పైన చాకు వెనక వైపుతో సమం చేసుకోండి.

పెనం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అన్నిటికన్నా మేలైనది పోత ఇనుముతో చేసినది. బాగా వాడి నునుపెక్కిన దానికైతే పాకం అంటుకోదు. అది మెల్లగా వేడెక్కినా, చల్లటి పిండి పోసినప్పుడు తొందరగా చల్లారదు. అంచు కనీసం 4 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, లేకపోతే పిండి ఎక్కడానికి గోడ ఉండదు. ఓవెన్‌లో పెట్టదగ్గ స్టీలు పెనమైనా పరవాలేదు గానీ వెన్న కాస్త ఎక్కువ పడుతుంది. గాజు గిన్నె వద్దు. మరుగుతున్న వెన్న ఉన్న గాజులో చల్లటి పిండి పడితే పగిలే ప్రమాదం ఉంది. ప్లాస్టిక్ పిడి ఉన్న పెనాన్ని 220 డిగ్రీల ఓవెన్‌లో పెట్టకండి. మామూలు మైక్రోవేవ్‌లో ఈ వంట కుదరదు. కన్వెక్షన్ ఉన్నదైతే, అది 200 డిగ్రీలు అందుకోగలిగితే, ప్రయత్నించవచ్చు.

ముందు పిండి కలిపి పక్కన పెట్టాలి, ఎందుకంటే దానికి 20 నుంచి 30 నిమిషాల విశ్రాంతి కావాలి. ఆ సమయంలో మైదా తడిని పీల్చుకుంటుంది, కలిపేటప్పుడు సాగిన జిగురు సడలుతుంది, పైన లేచిన నురగ అణుగుతుంది. గుడ్లు, పాలు ఫ్రిజ్ చల్లదనం పోయి గది వేడికి రావాలి. తొందరగా ఉంటే గుడ్లని పెంకుతోనే గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచితే సరి.

గుడ్లని విస్క్‌తో తెల్లసొన తీగలు కనపడనంత వరకూ గిలకొట్టండి. మైదా, పంచదార, ఉప్పు, పాలలో మూడో వంతు వేసి, ముద్దలాగా ఉన్నప్పుడే ఉండలన్నీ చిదమండి. పాలన్నీ ఒకేసారి పోస్తే ఉండలు తేలిపోతూ ఎంతకీ చితకవు. ఉండలు పోయాక మిగతా పాలు, వెనిలా కలపండి. పిండి జారుగా ఉండాలి, గరిటె ముంచి ఎత్తితే వెనక పలచటి పొర మిగలాలి. పిండి బాగా పలచగా ఉందే అనిపిస్తుంది గానీ మైదా పెంచకండి. మిక్సీలో వేస్తే 20 సెకన్లు చాలు.

పిండి విశ్రాంతి తీసుకుంటుండగా ఓవెన్ ర్యాక్‌ని మధ్యలో పెట్టి, 220 డిగ్రీల సెల్సియస్‌కి వేడెక్కించండి. ఫ్యాన్ వేసి బేక్ చేసేవారు 200 పెట్టుకోవాలి. ఓవెన్ లైటు ఆరిపోగానే సిద్ధమని నమ్మకండి. లోపలి గాలి వేడెక్కినా గోడలు ఇంకా వేడెక్కి ఉండవు. లైటు ఆరాక ఇంకో పది నిమిషాలు ఆగాలి.

ఇక యాపిల్ ఎంపిక. పులుపుండి గట్టిగా నిలిచే రకాలు బాగుంటాయి. గ్రానీ స్మిత్ అందులో ముందు వరసది. గోల్డెన్ డెలీషియస్, హనీక్రిస్ప్, ఫుజీ కూడా పనికొస్తాయి, తియ్యటి రకమైతే నిమ్మరసం ఇంకో టీస్పూను పెంచుకోండి. రెడ్ డెలీషియస్ మాత్రం వద్దు, అది మగ్గితే గుజ్జవుతుంది, రుచీ చప్పబడుతుంది. తొక్క తీయండి. పాన్‌కేక్ మెత్తగా ఉంటే తొక్క విడిపోయి పళ్ల మధ్య చిక్కుకుంటుంది. గింజల గూడు తీసి, 5 మిల్లీమీటర్ల మందంతో ముక్కలు కోయండి. ఇంతకన్నా పలచనైతే కరిగిపోతాయి, మందమైతే మధ్యలో కరకరలాడుతూ పచ్చిగా మిగులుతాయి.

పొయ్యి మీద మధ్యస్థ మంటపై 30 గ్రాముల వెన్న కరిగించండి. నురగ తగ్గాక బ్రౌన్ షుగర్, దాల్చినచెక్క పొడి వేసి ఒక్కసారి తిప్పి, వెంటనే ముక్కలు, నిమ్మరసం వేయండి. మొదటి రెండు నిమిషాలు ముక్కల నుంచి నీరు ఊరి పెనం అంతా చారులా కనిపిస్తుంది. కంగారు పడి మంట తగ్గించకండి. ఐదారు నిమిషాలకి నీరు ఇంకిపోయి, పాకం ముక్కలకి అంటుకుని మెరుస్తుంది, బుడగలు చిన్నవి పోయి పెద్దవి, నెమ్మదివి వస్తాయి. గరిటెతో పెనం అడుగున గీత గీస్తే అది ఒక క్షణం నిలిచి అప్పుడు మూసుకోవాలి. అదే సరైన అదను. ముక్క అంచులు మెత్తబడి, మధ్యలో కాస్త బిరుసుగా ఉండాలి, ఎందుకంటే ఓవెన్‌లో ఇంకా ఉడుకుతాయి. పాకాన్ని ముదురు పాకం దాకా రానివ్వకండి, పిండి పడగానే గాజులా బిగుసుకుంటుంది.

ఇప్పుడు ముక్కల్ని మధ్యలోకి నెట్టి, అంచు చుట్టూ రెండు సెంటీమీటర్ల జాగా ఖాళీగా వదలండి. చాలామంది దీన్ని పట్టించుకోరు, కానీ పిండి పైకి ఎక్కేది ఈ ఖాళీ అంచు పట్టుకునే. ముక్కలు గోడ దాకా ఉంటే పైకి ఎక్కలేదు. మిగిలిన 15 గ్రాముల వెన్నని చిన్న ముక్కలుగా ఆ ఖాళీ జాగాలో వేసి, పెనాన్ని ఓవెన్‌లో మూడు నాలుగు నిమిషాలు పెట్టండి. వెన్న కరిగి అంచున చిటపటలాడాలి, గోధుమరంగు తిరగకూడదు. మాడిన వెన్న చేదు పాన్‌కేక్ అంతా పాకుతుంది.

పిండిని ఒకసారి కలిపి, పెనం బయటికి తీయగానే అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ, తర్వాత మధ్యలోకి, పది సెకన్లలో పోసేయండి. సుయ్ మని శబ్దం రావాలి. శబ్దం రాలేదంటే పెనం వేడి చాలలేదు. పోశాక కలపకండి, కదపకండి. ఇదంతా వెంటనే ఓవెన్‌లోకి వెళ్లాలి. కొలిమిలా ఉన్న ఇనుప పెనం పిడికి మందపాటి పొడి గుడ్డ చుట్టాలి. తడి గుడ్డ వద్దు, తడి గుండా వేడి వెంటనే చేతికి తగులుతుంది.

220 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు తలుపు తీయకండి. లోపల ఉన్న గోడ ఇంకా మెత్తనిది, చల్లగాలి తగిలితే ఆవిరి చల్లబడి కూలిపోతుంది. చూడాలనిపిస్తే లైటు వేసి గాజులోంచి చూడండి. తర్వాత వేడిని 190కి తగ్గించి ఇంకో 5 నుంచి 7 నిమిషాలు ఉంచండి. ఈ తగ్గింపుతో అంచు మాడకుండా మధ్య ఆరుతుంది. అంచులు ముదురు గోధుమరంగు తిరగాలి, మధ్య ముట్టుకుంటే తడి అంటకూడదు. లేత బంగారు రంగు దగ్గర తీసేస్తే బయటికి రాగానే గోడ చతికిలబడుతుంది.

సరిగ్గా కాలినా రెండు మూడు నిమిషాల్లో అణిగిపోతుంది. లోపలి ఆవిరి చల్లబడడమే కారణం, ఇందులో తప్పేం లేదు. తినేవాళ్లు బల్ల దగ్గర కూర్చున్నాక పెనం తీయడం మంచిది. తీసిన నిమిషంలోపే అంచు చుట్టూ పలచటి గరిటె తిప్పి, పెనం కన్నా పెద్ద పళ్లెం పైన బోర్లించి, రెండు చేతులా పట్టుకుని తిరగేస్తే పాకం పట్టిన యాపిల్ పైకి వస్తుంది. ఆలస్యమైతే పాకం బిగిసి ముక్కలు అడుగునే ఉండిపోతాయి. అంటుకుంటే పెనాన్ని పొయ్యి మీద అర నిమిషం వేడిచేస్తే కరిగి వదులుతుంది. తిరగేసే పాకం చర్మానికి అంటి కాలుస్తుంది కాబట్టి పిల్లల్ని దూరంగా ఉంచండి. తిరగేయకుండా పెనంలోనే కోసి వడ్డించినా పరవాలేదు, అప్పుడు అంచు కరకరలాడుతుంది. పైన ఐసింగ్ షుగర్ చల్లి, ఇంకాస్త నిమ్మరసం పిండండి. పాకం తీపి ముందే ఉంటుంది కనక సిరప్ పోయాల్సిన పని లేదు.

తప్పు జరిగితే కారణం సాధారణంగా ఇలా పట్టుకోవచ్చు. అసలు లేవకపోతే పెనం వేడి చాలలేదు, లేదా పిండి ఫ్రిజ్ చల్లదనంతో ఉంది. ఒక వైపే లేస్తే ఓవెన్‌లో ఆ వైపు వేడి ఎక్కువ, పెనాన్ని ఈసారి 15 నిమిషాలు అయ్యాక తిప్పండి. పైన మాడి మధ్య జారుగా ఉంటే పెనం పై రాడ్డుకి దగ్గరగా ఉంది, లేదా పిండిలో పంచదార పెంచారు. పంచదార ఎక్కువైతే పిండి బరువెక్కి లేవదు, పైన తొందరగా మాడుతుంది. అడుగు తడిగా, జిగటగా ఉంటే యాపిల్ నీరు ఇంకకముందే పిండి పోశారు. గుడ్డు వాసన కొడితే గుడ్లు మరీ పెద్దవి, లేదా వెనిలా, దాల్చినచెక్క తగ్గాయి. గుడ్డు లేకుండా ఇది చేయడానికి ప్రయత్నించకండి, ఆవిరిని పట్టి ఉంచే గోడ దాని వల్లనే వస్తుంది.

ఎక్కువమందికి కావాలంటే ఒకే పెనంలో రెట్టింపు పోయకండి. లోతు పెరిగి మధ్య ఉడకదు. రెండు పెనాలు పెట్టుకోండి, లేదా 30 సెంటీమీటర్ల పెనానికి గుడ్లు 4, పాలు 160 మిల్లీలీటర్లు, మైదా 87 గ్రాములు, యాపిల్స్ 3 తీసుకోండి. 20 సెంటీమీటర్లదైతే గుడ్లు 2, పాలు 80, మైదా 43, యాపిల్ ఒకటిన్నర, సమయం మూడు నిమిషాలు తక్కువ.

పొద్దున తొందర ఉంటుంది కాబట్టి పిండిని రాత్రే కలిపి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. యాపిల్ ముక్కలు కూడా రాత్రే మగ్గించి డబ్బాలో పెట్టుకోవచ్చు. పొద్దున లేవగానే పిండిని బయట పెట్టి, ఓవెన్ ఆన్ చేస్తే అరగంటకి రెండూ సిద్ధమవుతాయి. ముక్కల్ని వెన్నతో పెనంలో మళ్లీ పాకం కరిగి బుడగలొచ్చేదాకా వేడిచేసి, తర్వాతి పని పైన చెప్పినట్టే. మిగిలిన పాన్‌కేక్ ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. 180 డిగ్రీల ఓవెన్‌లో ఆరేడు నిమిషాలు పెడితే అంచు మళ్లీ కరకరలాడుతుంది. మైక్రోవేవ్‌లో వేడిచేస్తే తోలులా సాగుతుంది.